బొమ్మ కింద చిన్న అక్షరాలు

పోయిన వారం ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోవడం గురించి రాస్తే, "మా అమ్మ గుడ్ మార్నింగ్ ఫొటోలు డిలీట్ చేయనివ్వదు" అని చాలామంది గోడు వెళ్లబోసుకున్నారు. మా ఇంట్లోనూ అదే కథ. ఈ వారం కూడా బొమ్మల గురించే. కాకపోతే ఇవి రెండున్నర శతాబ్దాల కిందటి ఇంగ్లండ్ బొమ్మలు.

ముందు నా ఏడుపు వినండి. మొన్న శుక్రవారం ఆఫీసులో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మీటింగ్ పెట్టారు. ప్రొడక్షన్‌లో ఎర్రర్ వస్తే లాగ్స్ అన్నీ జల్లెడపట్టి తప్పు ఎక్కడుందో చెప్పే టూల్ ఒకటి నాలుగు నెలలు కూర్చుని రాశాను. పండక్కి ఊరెళ్లినప్పుడూ లాప్‌టాప్ వెంటే ఉంది. ఆ టూల్ స్లైడ్ మీద పడింది. స్లైడ్‌లో ఒక ఫొటో ఉంది, మా పైఆయనది. కింద ఒక పేరుంది, అదీ ఆయనదే. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. సమోసాలు పెట్టారు, అవీ తిన్నాను.

రాయదుర్గంలో మెట్రో ఎక్కి, సీటు దొరక్క తలుపు పక్కన ఆనుకుని ఫోన్ తీశాను. ఎవరికైనా మెసేజ్ పెడితే నోరు జారతానని భయమేసింది. అందుకని ఎప్పుడో బుక్‌మార్క్ చేసిపెట్టుకున్న ఒక పాత బొమ్మ తెరిచాను. జాన్ హారిసన్ అనే గడియారాల మేస్త్రి బొమ్మ. 1768లో లండన్‌లో అచ్చయింది.

హారిసన్ నాకు బీటెక్ రోజుల నుంచీ హీరో. యార్క్‌షైర్‌లో పుట్టిన వడ్రంగి. అప్పట్లో నడిసముద్రంలో ఉన్న ఓడ తూర్పు పడమరల్లో ఎక్కడుందో తెలుసుకోవాలంటే, బయల్దేరిన రేవులో ఆ క్షణాన టైమ్ ఎంతో కచ్చితంగా తెలియాలి. ఊగే ఓడలో లోలకం గడియారం పనిచేయదు. దీనికి దారి చూపిన వాళ్లకి 20,000 పౌండ్ల దాకా ఇస్తామని 1714లో బ్రిటిష్ పార్లమెంటు ప్రకటించింది. హారిసన్ మూడు పెద్ద గడియారాలు చేశాడు. మూడోదానికే 19 ఏళ్లు పట్టింది. చివరికి 1759లో పెద్ద జేబుగడియారంలా ఉండే నాలుగోది పూర్తిచేశాడు. అడ్డంగా కొలిస్తే 13 సెంటీమీటర్లు. దాన్నే ఇప్పుడు హెచ్4 అంటున్నారు. జమైకా దాకా ఓడలో తీసుకెళ్తే, 80 రోజులు దాటిన ప్రయాణంలో ఐదు సెకన్ల తేడా వచ్చింది. అయినా బోర్డు వాళ్లు నమ్మలేదు. మళ్లీ టెస్ట్ అన్నారు. ఆ తర్వాత, గడియారం విప్పి లోపల ఎలా పనిచేస్తుందో చెప్పి, దాన్ని మాకు అప్పగిస్తే సగం డబ్బు ఇస్తామన్నారు. రిక్వైర్‌మెంట్ మధ్యలో మార్చే క్లయింట్లు అప్పుడూ ఉన్నారన్నమాట.

సరిగ్గా ఈ గొడవ నడుస్తుండగానే థామస్ కింగ్ అనే చిత్రకారుడు హారిసన్‌ని నూనెరంగుల్లో గీశాడు. ఆ పెయింటింగ్ ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. అందులో ముసలాయన కుర్చీలో నిటారుగా కూర్చుని చేతిలో ఒక గడియారం పట్టుకుని ఉంటాడు. అది హెచ్4 అనుకుంటాం. నిజానికి అది జాన్ జెఫరీస్ అనే మేస్త్రి ఆయన కోసం 1753లో చేసిచ్చిన మామూలు జేబుగడియారం. అసలుది అప్పటికి బోర్డు చేతిలోకి వెళ్లిపోయింది.

ఇక 1768లో ఫిలిప్ టాసార్ట్ ఆ పెయింటింగ్‌ని రాగిరేకు మీదకి ఎక్కించి అచ్చుబొమ్మ చేసినప్పుడు తమాషా జరిగింది. చేతిలోని జేబుగడియారం మాయమైంది. పక్కన బల్ల మీద హెచ్4 ప్రత్యక్షమైంది. మనిషి అదే, కూర్చున్న తీరు అదే. సాక్ష్యం మాత్రం మారింది. వస్తువు బోర్డు దగ్గరే ఉంటే ఉండనీ, అది ఎవరిదో ఊరందరికీ తెలియాలి. పెయింటింగ్ అయితే ఒక గదిలో ఒక గోడకి ఉంటుంది. అచ్చుబొమ్మ కొట్లోకి వెళ్తుంది, కాఫీ హౌస్‌కి వెళ్తుంది, ఇంకొకరి డ్రాయింగ్ రూమ్‌కి వెళ్తుంది. అప్పటికి 75 ఏళ్ల ఆ పెద్దాయన పెట్టిన పోస్ట్ అది. అయిదేళ్ల తర్వాత, 1773లో, పార్లమెంటు ఆయనకి ఇంకో 8,750 పౌండ్లు ఇచ్చింది. అప్పటికి 80 నిండాయి.

అమీర్‌పేట వచ్చింది. దిగలేదు.

జూమ్ చేస్తూ బొమ్మ అడుగుకి వెళ్లాను. ఈ రకం బొమ్మలు చూడటం అలవాటైతే మీరూ ముఖం చూడ్డం మానేసి ముందు అడుగునే చూస్తారు. అక్కడ చీమ తలకాయంత అక్షరాలుంటాయి. మామూలుగా ఎడమ వైపు ఒక పేరు, దాని పక్కన "పింక్సిట్" అని లాటిన్ మాట. అంటే ఫలానా ఆయన రంగుల్లో గీశాడని. కుడి వైపు ఇంకో పేరు, "స్కల్ప్‌సిట్" అనో "ఫెసిట్" అనో. అంటే ఫలానా ఆయన చెక్కాడని, చేశాడని. ఎక్కడో మధ్యలో అచ్చువేసి అమ్మినవాడి పేరు, వీధి, తేదీ. మొదటిసారి చూసినప్పుడు నాకు గిట్ హిస్టరీ గుర్తొచ్చింది. ఎవరు రాశారు, ఎవరు మార్చారు, ఎవరు రిలీజ్ చేశారు, ఏ రోజున. అన్నీ బొమ్మలోనే.

చెక్కినవాడి పేరు ఎందుకు ఉండాలో తెలియాలంటే ఆ పని ఎంత నరకమో తెలియాలి. హారిసన్ బొమ్మ మెజోటింట్ పద్ధతిలో చేసింది. మామూలుగా కాగితం తెల్లగా ఉంటుంది, మనం నల్లగా గీస్తాం. ఇందులో తిరకాసు. రాకర్ అని వంపు తిరిగిన ఉలి ఒకటుంటుంది, అంచంతా సన్నటి పళ్లు. నున్నటి రాగిరేకు మీద దాన్ని ఉయ్యాల ఊపినట్టు ఊపుతూ పోవాలి. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా, మళ్లీ అడ్డంగా. రోజుల తరబడి. రేకంతా గరుకుగా, మఖమల్ గుడ్డలా అయిపోతుంది. ఇప్పుడు సిరా పూసి అచ్చేస్తే కాగితం నిండా కటిక నలుపు వస్తుంది. ఆ చీకట్లోంచి ముఖాన్ని బయటికి తీయాలి. ఎక్కడ వెలుగు కావాలో అక్కడ ఆ గరుకుని గీకాలి. బాగా గీకి నున్నగా రుద్దితే అక్కడ సిరా ఆగదు, తెలుపొస్తుంది. కొంచెమే గీకితే బూడిదరంగు. నుదురు, ముక్కు దూలం, చొక్కా చేతుల దగ్గర లేసు, అన్నీ చీకటిని గీకి తీసినవే. పైగా రేకు మీద కుడి ఎడమలు తారుమారుగా ఉండాలి. ఎక్కువ గీకేస్తే అన్‌డూ లేదు, ఆ చోట మళ్లీ గరుకు చేసుకోవాలి. ఇంత చేశాక కూడా ఆ రేకు ఎక్కువ కాపీలకి నిలబడదు. రెండో మూడో వందలు తీసేసరికి నలుపు వెలిసిపోవడం మొదలవుతుంది.

ఈ పద్ధతిని కనిపెట్టింది ఇంగ్లండ్ వాళ్లు కాదు. 1640లలో జర్మన్ సైనికాధికారి లుడ్విగ్ ఫాన్ సీగెన్ మొదలుపెట్టాడు. కానీ 18వ శతాబ్దంలో లండన్ వాళ్లు దాన్ని ఎంతలా సొంతం చేసుకున్నారంటే, ఫ్రాన్సులో దాని పేరే "ఇంగ్లీషు పద్ధతి" అయిపోయింది. డర్బీ ఊరి జోసెఫ్ రైట్ కొవ్వొత్తి వెలుగులో సైన్సు ప్రయోగాలు చూస్తున్న జనాన్ని గీస్తే, వాటిని మెజోటింట్‌గా మార్చారు. గాజు బుడ్డిలోంచి గాలి తీసేస్తుంటే లోపల పక్షి గిలగిలా కొట్టుకునే బొమ్మ ఒకటుంది. వాలెంటైన్ గ్రీన్ 1769లో చెక్కాడు. రాత్రి పూట ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించి చూడండి. చీకట్లోంచి ఒక్కో ముఖం బయటికొస్తుంది.

అడుగున తేదీ పెట్టడం మాత్రం ఊరికే వచ్చిన అలవాటు కాదు. దాని వెనక విలియం హోగార్త్ ఉన్నాడు. వెండి సామాన్ల మీద నగిషీ చెక్కే పనిలో చేరి, తర్వాత ఇంగ్లండ్‌లో పెద్ద చిత్రకారుడైన మనిషి. 1732లో ఒక పల్లెటూరి అమ్మాయి లండన్ వచ్చి ఎలా నాశనమైందో ఆరు బొమ్మల్లో చెప్పాడు. ఒక రకంగా వెబ్ సిరీసే. సూపర్‌హిట్. వెంటనే దొంగ కాపీలు. మన సినిమా రిలీజ్ రోజే ఫోన్లోకి వచ్చేసినట్టు. హోగార్త్ తోటి కళాకారులని కూడగట్టి పార్లమెంటుకి వెళ్లాడు. 1735లో చట్టం వచ్చింది. బొమ్మ వేసిన రోజు నుంచి 14 ఏళ్లు దాని మీద హక్కు సొంతదారుడిది, అయితే అతని పేరు, మొదట అచ్చయిన తేదీ రేకు మీద చెక్కి ఉండాలి. ఇప్పటికీ ఆ చట్టాన్ని హోగార్త్ చట్టం అనే అంటారు. తన తర్వాతి సిరీస్‌ని ఆయన చట్టం అమల్లోకి వచ్చేదాకా విడుదల చేయకుండా ఆపాడు. ఈ ప్లానింగ్ మన నిర్మాతలకి రావాలి.

ఇదే హోగార్త్ నాటకాల వాళ్ల బొమ్మల బిజినెస్‌నీ మార్చేశాడు. 1741 అక్టోబర్ 19న లండన్‌లో డేవిడ్ గారిక్ అనే పాతికేళ్లయినా నిండని కుర్రాడు షేక్‌స్పియర్ మూడో రిచర్డ్ రాజు వేషం కట్టాడు. అప్పటిదాకా డైలాగ్‌ని పాటలా సాగదీసే నటన చూసి చూసి ఉన్న జనానికి మతిపోయింది. 1745లో హోగార్త్ అతన్ని ఆ వేషంలోనే పెద్ద బొమ్మ గీశాడు. యుద్ధానికి ముందు రాత్రి, తను చంపినవాళ్ల దయ్యాలు కలలో కనిపించి ఉలిక్కిపడి లేచిన రాజు. అరచెయ్యి ముందుకి చాచి, వేళ్లు విడదీసి, కళ్లు పెద్దవి చేసి. దానికి 200 పౌండ్లు తీసుకున్నానని హోగార్త్ గొప్పగా చెప్పుకున్నాడు. మరుసటి ఏడు తనే గ్రినియోన్ అనే చెక్కేవాడితో కలిసి దాన్ని అచ్చుబొమ్మ చేశాడు.

గారిక్‌కి ఆటలోని కిటుకు అర్థమైంది. నాటకం ఆ రాత్రితో అయిపోతుంది. గొంతు రికార్డు చేసే యంత్రం లేదు. మిగిలేది కాగితం మీది పోజు ఒక్కటే. అందుకే చిత్రకారులకి అతను ఓపిగ్గా పోజులిచ్చాడు. 1764లో పారిస్‌లో ఉన్నప్పుడు, పంచిపెట్టడానికి తన అచ్చుబొమ్మలు పంపమని లండన్‌లో ఉన్న తమ్ముడికి ఉత్తరం రాశాడు. హామ్లెట్ వేషంలో తండ్రి దయ్యాన్ని చూసి అదిరిపడే సీన్ ఒకటుంది. ఆ క్షణంలో జుట్టు నిక్కబొడుచుకునేలా ప్రత్యేకంగా విగ్గు చేయించుకున్నాడని నాటక చరిత్రల్లో చెప్తారు. స్పెషల్ ఎఫెక్ట్స్ అన్నమాట.

ఆ హామ్లెట్ బొమ్మ అడుగున ఎడమ పక్కన ఉన్న పేరు చూసి నేను రెండు నిమిషాలు ఆగిపోయాను. బెంజమిన్ విల్సన్. కుడి పక్కన జేమ్స్ మకార్డెల్, 1754. మకార్డెల్ డబ్లిన్ నుంచి వచ్చిన మెజోటింట్ కింగ్, అది సరే. విల్సన్ ఎవరంటే, కరెంటు మీద ప్రయోగాలు చేసి 1760లో రాయల్ సొసైటీ కాప్లీ మెడల్ కొట్టిన సైంటిస్టు. పిడుగుల నుంచి కాపాడే కడ్డీ మొన సూదిగా ఉండాలని బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంటే, గుండ్రంగా మొద్దుగా ఉండాలని ఈయన. గొడవ ఎంతదాకా వెళ్లిందంటే రాజుగారు కూడా విల్సన్ పక్షం చేరారు. తుఫానులో తిరిగే లియర్ రాజుగా గారిక్‌ని గీసిందీ ఈయనే. ఉరుముల మధ్య గారిక్‌ని గీయడానికి పిడుగుల స్పెషలిస్టే దొరికాడు. నాటకం వేరు, ఇంజనీరింగ్ వేరు అని మనకి ఇంటర్లోనే గ్రూపులు పంచేశారు. ఆ ఊళ్లో, ఆ రోజుల్లో, ఒకే మనిషి రెండు కొట్లలోనూ తిరిగాడు.

కొట్లంటే గుర్తొచ్చింది. ఈ బొమ్మలు కొనే స్తోమత అందరికీ లేదు. కానీ కొట్టు అద్దాల్లో వరసగా అంటించి ఉండేవి. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. సెయింట్ పాల్ చర్చి దగ్గర కేరింగ్టన్ బౌల్స్ అనే ఆయన కొట్టు ముందు జనం గుమిగూడి చూస్తున్నట్టు 1774లో ఒక బొమ్మ వేశారు, ఆ కొట్టే దాన్ని అమ్మింది. ఫ్రీగా స్క్రోల్ చేసే మనలాంటి వాళ్ల బొమ్మ అన్నమాట.

ఆ రాత్రి రూమ్‌కి చేరాక తెరిచిన బొమ్మ మాత్రం నా నిద్ర చెడగొట్టింది. రిచర్డ్ ఆర్క్‌రైట్. నూలు వడికే యంత్రంతో కోటీశ్వరుడైనవాడు. అంతకుముందు మంగలి పని, విగ్గుల వ్యాపారం. 1769లో పేటెంట్ తీసుకున్నాడు, 1771లో క్రామ్‌ఫర్డ్‌లో ఏటి నీళ్లతో తిరిగే మిల్లు కట్టడం మొదలుపెట్టాడు. ఇందాకటి జోసెఫ్ రైటే 1789, 90 ప్రాంతంలో అతన్ని గీశాడు. తర్వాత జాన్ రాఫెల్ స్మిత్ దాన్ని మెజోటింట్ చేశాడు. కుర్చీలో చాలకుండా కూర్చున్న భారీ మనిషి, బానపొట్ట. పక్కన బల్ల మీద చిన్న రోలర్ల సెట్టు. దూదిని లాగి సన్నబరిచే రోలర్లు, యంత్రం మొత్తానికి గుండెకాయ. హారిసన్ బల్ల మీద గడియారం ఉన్నట్టే.

తేడా ఒకటుంది. ఆ పెయింటింగ్‌కి నాలుగైదేళ్ల ముందే, 1785లో, కోర్టు ఆర్క్‌రైట్ పేటెంట్లు కొట్టేసింది. థామస్ హైస్ అనే మగ్గం పరికరాల మేస్త్రి కోర్టుకొచ్చి, ఆ రోలర్ల ఆలోచన ముందు నాదని చెప్పాడు. హైస్ దగ్గర పనిచేసిన జాన్ కే అనే గడియారాల మేస్త్రి, ఆ సంగతి ఆర్క్‌రైట్‌కి చెప్పింది నేనేనని ఒప్పుకున్నాడు. తీర్పు వచ్చేసింది. అయినా ఆర్క్‌రైట్‌కి 1786లో సర్ బిరుదొచ్చింది, ఆ తర్వాత రోలర్లు పక్కన పెట్టుకుని దర్జాగా బొమ్మ గీయించుకున్నాడు. మిల్లులు కట్టి, డబ్బు పోగేసి, వందల మందిని పనిలో పెట్టి ఆ ఆలోచనని నడిపించింది అతనే, అది కాదనలేం. కానీ బల్ల మీది వస్తువు ఎవరిది? హైస్ ముఖం ఎలా ఉండేదో చూద్దామని అరగంట వెతికాను. కనబడలేదు.

మా పైఆయన్ని తిట్టుకుంటూ పడుకోబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. నా టూల్‌లో లాగ్స్‌ని గుంపులుగా విడగొట్టే పద్ధతి ఒకటుంది, దాని గుండెకాయ అదే. అది నాకు తట్టింది కాదు. మా టీమ్‌లో టెస్టింగ్ చేసే అమ్మాయి తన పని తేలిక చేసుకోడానికి ఓ ముప్ఫై లైన్ల స్క్రిప్ట్ రాసుకుంది. క్యాంటీన్‌లో నాకు చూపించింది. "బాగుంది, నేను వాడుకోనా" అన్నాను. "వాడుకో అన్నా" అంది. లేచి లాప్‌టాప్ తెరిచి నా టూల్ గురించి నేనే రాసిన పేజీ చూశాను. పైనుంచి కింది దాకా నా పేరు మూడు చోట్ల ఉంది. ఆమె పేరు ఒక్కచోట కూడా లేదు.

అప్పటికప్పుడు చేర్చాను, ఆ స్క్రిప్ట్ తేదీతో సహా. టైమ్ రాత్రి 1.40. పొద్దున ఆమె చూసి "ఇదేంటన్నా ఇప్పుడు" అని నవ్వింది. ఆ నవ్వులో "ఇన్నాళ్లకా" అని ఉందో లేదో నాకు తెలీదు. అడిగే ధైర్యం కూడా లేదు.

ఇలాంటిదే ఇంకో బొమ్మ ఉంది. విలియం వాకర్ 1862లో విడుదల చేసింది. 1807, 08లో బతికున్న బ్రిటన్ సైంటిస్టులు, ఇంజనీర్లు యాభై మంది దాకా లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో కొలువుదీరినట్టు ఉంటుంది. జేమ్స్ వాట్, హంఫ్రీ డేవీ, డాల్టన్, జెన్నర్, అందరూ. ఆ మీటింగ్ ఎప్పుడూ జరగలేదు. విడివిడి బొమ్మలు తెచ్చి ఒక గదిలో కూర్చోబెట్టారు. విలియం హెర్షెల్ ఉన్నాడు. రాత్రుళ్లు అతని పక్కన కూర్చుని లెక్కలు రాసి, సొంతంగా తోకచుక్కలు కనిపెట్టి, 1787 నుంచి రాజుగారి దగ్గర ఏడాదికి 50 పౌండ్ల జీతం అందుకున్న చెల్లెలు కారొలీన్ లేదు. ఎలాగూ జరగని మీటింగే కదా, ఇంకో కుర్చీ వేస్తే ఏం పోయేది?

ఇక నేను అసలు చెప్పాలనుకున్న చోటికి వస్తున్నాను. ఆర్క్‌రైట్ మిల్లుకి ఒక చట్టం అడ్డం ఉండేది. మన కోరమాండల్ తీరం నుంచి వెళ్లే పూల గుడ్డలకి ఇంగ్లండ్ జనం పిచ్చెక్కిపోతే, అక్కడి ఉన్ని, పట్టు నేతవాళ్లు గగ్గోలు పెట్టారు. దాంతో 1721లో రంగులద్దిన నూలు గుడ్డ కట్టుకోవడం, ఇంట్లో వాడటం నిషేధించారు. యంత్రం నూలు వచ్చాక ఆర్క్‌రైట్, అతని భాగస్వాములు పార్లమెంటు చుట్టూ తిరిగి 1774లో సడలింపు తెచ్చుకున్నారు. బ్రిటన్‌లో తయారైన నూలు గుడ్డకి మాత్రమే. గుర్తుపట్టడానికి అంచులో మూడు నీలం పోగులు నేయాలి. వాటర్‌మార్క్ అనుకోండి. మన గుడ్డకి నిషేధం అలాగే ఉంది.

సరిగ్గా అప్పుడే గారిక్ ఇంటికి మన గుడ్డ వచ్చింది. కలకత్తాలో ఉన్న ఇంగ్లీషువాళ్లు నాటకశాల పెట్టుకుంటుంటే గారిక్ సాయం చేశాడు. కృతజ్ఞతగా వాళ్లు అతని భార్యకి మంచం తెరల కోసం పూల గుడ్డ పంపారు. కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. దేశంలో అందరికీ తెలిసిన ముఖం, అచ్చుబొమ్మల్లో ప్రతి కొట్లోనూ వేలాడే ముఖం. అయినా 1775లో ఖజానా శాఖ అధికారికి బతిమాలుతూ ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. చివరికి గుడ్డ మంచానికి చేరింది. చిప్పెండేల్ కొట్టు వాళ్లు చేసిన ఆకుపచ్చ, తెలుపు రంగుల మంచం అది. ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మంచం చేసిన వడ్రంగి కంపెనీ పేరుంది. మంచం ఎక్కినవాడి పేరుంది. గుడ్డ చేసిన చోటు దగ్గర ఊరి పేరుంది. మచిలీపట్నం.

మా అమ్మ పుట్టిల్లు పెడన. బందరు నుంచి బస్సెక్కితే అరగంట కూడా పట్టదు. మావయ్య నలభై ఏళ్లుగా కలంకారీ అద్దకం పనిలోనే ఉన్నాడు. ఆదివారం ఆ గుడ్డ ఫొటో వాట్సాప్‌లో పంపి ఫోన్ చేశాను.

"ఏరా అల్లుడూ, తిన్నావా? ఈ గుడ్డ ఎక్కడిది?"

"లండన్‌లోది మావయ్యా. బందర్లో చేసిందంట. రెండొందల యాభై ఏళ్లయింది."

కాసేపు మాట్లాడలేదు. జూమ్ చేసి చూస్తున్నాడని తెలుస్తోంది, ఊపిరి మాత్రం వినపడుతోంది.

"ఇది మాలాగా అచ్చు కొట్టింది కాదురా. అచ్చయితే ప్రతి ఆకూ ఒక్కలాగే ఉంటది. ఇక్కడ ఏ రెండాకులూ ఒకటిగా లేవు. కలంతో వేసిందే. గీత చూడు, సన్నగా మొదలై లావై మళ్లీ సన్నగా తేలిపోయింది. చెయ్యి వణకలా."

"ఎరుపు ఇంకా అలాగే ఉంది కదా?"

"చిరివేరు ఎరుపు అది. పటిక పూసినచోటే పట్టుద్ది, మిగతా చోట ఉతుకులో పోద్ది. ఆ వేరు ఇప్పుడెక్కడ దొరుకుద్ది? మేం అలిజరినే కదా వాడేది. నలుపు మటుకు బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన కసిమే, అది మారలా. నీలానికి మైనం పూసి ముంచుతారు. కరక్కాయ పాలల్లో నానబెట్టే వాడొకడు, గీసేవాడొకడు, ఉడకబెట్టేవాడొకడు, కాలవలో ఉతికేవాళ్లు వేరే. ఒక్క గుడ్డకి ఎన్ని చేతులు పడ్డాయో."

మంచం సొంతదారు పెద్ద నాటకాల నటుడని, అతని బొమ్మలు బోలెడున్నాయని చెప్పి, రిచర్డ్ రాజు వేషం కూడా పంపాను. చూసి, "కళ్లు బాగా పెట్టాడు" అన్నాడు. ఆ బొమ్మ అడుగున గీసినవాడి పేరు, చెక్కినవాడి పేరు ఉంటాయని చెప్పాను.

"మరి గుడ్డ మీద?"

"గుడ్డ మీద లేదు మావయ్యా. ఊరి పేరొక్కటే మ్యూజియం వాళ్లు రాశారు."

"మనమెప్పుడన్నా రాశామా ఏంటి," అన్నాడు. మళ్లీ జూమ్ చేస్తున్నట్టున్నాడు. "ఒరే, ఆ అంచు దగ్గర తీగ ఉంది చూడు, ఎడం పక్కన. అదొక్కటే పెద్దది చేసి పంపు. రేపు అచ్చులు చెక్కే అతను వస్తాడు, టేకు చెక్క మీద పెట్టిచ్చి చూద్దాం."